అండమానులకు వారము దినములు

(ఈ నగరమునందలి యొక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగమునకు పాఠము.)



సెలవులు సమీపించిన కొలదియు మన నగరమున నొక ప్రశ్న యింటింటను బయలుదేరుచున్నది. రేవునందు పనిచేయువారు, ఉక్కు కర్మాగారమునందు పనిచేయువారు, నౌకానిర్మాణశాలయందును, రైల్వేయందును, బడులయందును పనిచేయువారు, అందరును సంవత్సరమంతయు కూడబెట్టుకొన్న సెలవును ఎచ్చట ఖర్చుపెట్టుదమా యని యోచించుచున్నారు. పూర్వము తిరుపతి, కాశి, పూరి యను మూడు పేళ్లతో నీ యోచన ముగిసెడిది. ఇటీవల నాలుగవ పేరు వచ్చి చేరినది. అది అండమాను. ప్రయాణములు కుదుర్చు దుకాణముల ముంగిట నీలిసముద్రము, తెల్లని యిసుక, వంగిన కొబ్బరిచెట్టు, దాని క్రింద నొక క్రొత్త దంపతుల జంట. ఇట్టి పటము లేని వీథి మన పట్టణమున నరుదు. కేంద్రప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీలో అండమాను విమానయానమునకై కొన్నేండ్లుగా ప్రత్యేకపు సడలింపులు లభించుచుండుటచే నీ యుత్సాహ మినుమడించినది.

ఈ విషయమును గూర్చి యుపన్యసింపుడని మీరు కోరినప్పుడు మా మిత్రు లొకరు నవ్విరి. దేశసమస్యలు వ్రాయు పత్రికకు విహారయాత్రల గొడవ యేల యని వారి యాక్షేపణ. వారికి మేమిచ్చిన సమాధానమునే మీకును మనవి చేయుచున్నాము. పనిచేయువాని సెలవు వాని జీతములోని భాగము. ఏడాది కొక్కసారి దొరకు ఏడు దినములను, ఇల్లంతయు గూడి దాచిన పైకమును, లెక్క తెలియక పాడుచేసికొనుట కుటుంబమునకు నష్టము. అంతేగాక మనము పోదలచిన దీవులు మనవారు కొందరు సంకెళ్లతో పోయిన దీవులు. ఆ దారిని టిక్కెట్టు కొని పోవువారు కొంత ముందుగా తెలిసికొని పోవుట యుచితము.

మొదట దూరము. విశాఖరేవునకును పోర్టుబ్లెయిరునకును నడుమ సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రమున్నది. చెన్నపట్టణమునుండియు నించుమించుగ నింతే దూరము. కలకత్తానుండి కొంచెము హెచ్చు. పోర్టుబ్లెయిరునకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చిరి గాన, టిక్కెట్లు కొనువారు రెండు పేళ్లను జ్ఞాపకముంచుకొనుట మేలు.

ఈ సముద్రము మనకు క్రొత్తది కాదు. మన తాతల కాలమున విశాఖ, భీమునిపట్టణము, కళింగపట్టణము, కాకినాడ రేవులనుండి కూలివాండ్రు వేలకొలది రంగము పోయెడివారు. రంగమనగా రంగూనని ఈ జిల్లాల పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చటి రేవులో బస్తాలు మోసినవారును, బియ్యపుమిల్లులలో పనిచేసినవారును చాలవరకు మనవారే. 1930 లో రంగమున తెలుగుకూలీలపై జరిగిన దాడులును, 1942 లో జపానువారి దండయాత్రకు వెఱచి కొండలును అడవులును నడచి వచ్చినవారి పాట్లును ఈ ప్రాంతపు కుటుంబములలో నింకను చెప్పుకొనుచునే యున్నారు. వారికి సముద్రయానము బ్రతుకుతెరువు. విహారమునకై ఈ సముద్రమును దాటు భాగ్యము వారి మనుమలకు గలిగినది.

ఇక ఓడ సంగతి. విశాఖనుండి శ్రీవిజయపురమునకు ప్రయాణికుల యోడ కలదు. కాని కలకత్తా, చెన్నపట్టణములనుండి నడచినంత తరచుగ నిచ్చటినుండి నడువదు. నెలకొకమారు దొరకినను అదృష్టమే. ప్రయాణకాలము ఇంచుమించు 56 గంటలు. గాలిని బట్టియు, రేవున చోటు దొరకుటను బట్టియు అది హెచ్చవచ్చును. ఇప్పుడు లెక్క వేయుడు. పోవుటకు రెండున్నర దినములు, వచ్చుటకు రెండున్నర దినములు. ఏడింటిలో నైదు సముద్రము మీదనే పోయినవి. పైగా మీరు దిగిన మూడవనాడే తిరుగుటోడ విశాఖకే బయలుదేరునని మాటయిచ్చువా రెవ్వరును లేరు. అది చెన్నపట్టణమునకో కలకత్తాకో పోవచ్చును. కావున వారము దినముల సెలవు మాత్రమే గలవారు రానుపోను ఓడను నమ్ముకొనరాదు.

సెలవును మఱి రెండు దినములు పొడిగించుకొనగలవారు పోవునప్పు డోడను, వచ్చునప్పుడు విమానమును కుదుర్చుకొనవలెనని మా సలహా. పోవునప్పుడే యోడ యేల యనగా, సెలవు మొదటను ఓడ ఆలస్యమైనచో ఒక దీవిని తగ్గించుకొనిన చాలును. సెలవు చివర నాలస్యమైనచో పై యధికారికి జవాబు చెప్పుకొనవలసివచ్చును.

ఓడలో తక్కువ వెలగల తరగతిని బంకు అందురు. పెద్దగదిలో మీద నొకటి క్రింద నొకటి పడకలు. గాలి తక్కువ, రొద యెక్కువ. ముసలివారును, పసిపిల్లలును గలవారు కాబిను తీసికొనుట మంచిది. భోజనము దొరకును గాని అది మన నోటికి రుచించునని హామీ యియ్యలేము; ఆవకాయ, అటుకులు, వేరుసెనగపప్పు, నాలుగు నిమ్మకాయలు మూటలో నుండవలెను. మొదటి దినము సముద్రము కడుపును త్రిప్పును. రెండవ దినమున నలుదెసల నేల కానరాదు; చేపలు గుంపులుగ నీటిపై కెగిరి పడుచుండును; పిల్లలు పైతట్టు కటకటాలను విడిచి రారు. ఆ యొక్క దినమునకై బంకు కష్టమును సహింపవచ్చును. ఈ మార్గమునకై కట్టిన యోడలలో ‘స్వరాజ్ ద్వీప్’ అనునది మన హిందూస్థాన్ షిప్‌యార్డులోనే సుమారు పాతికేండ్ల క్రిందట నిర్మింపబడినది. 1941 లో బాబూ రాజేంద్రప్రసాదుగారు పునాదిరాయి వేయగా, 1948 లో జవహర్‌లాల్ నెహ్రూగారి చేతులమీదుగ ‘జల ఉష’ను నీటిలోనికి దింపిన నౌకాశాల యిదియే. దానిలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు ఈ సభలో నున్నారు. వారు కట్టిన యోడలో వారి మనుమలు సముద్రము దాటుట మాకు ముచ్చటగ నుండును.

విమానము మాట కొంచెమే. విశాఖనుండి నేరుగ పోవునది ఒకప్పుడు నడచును, ఒకప్పుడు ఆగును. అది లేనప్పుడు చెన్నపట్టణము మీదుగనో కలకత్తా మీదుగనో పోవలెను. దానిక్రింద నొక దినమును వ్రాసికొనుడు.

ఎప్పుడు పోవలెనన్నచో, డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు. మే నెల నడిమినుండి నైరృతి ఋతుపవనము దీవులను తడుపును. అచ్చటి వర్షపాతము ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. మన విశాఖ వానకు మూడింతలకు దగ్గర. దసరా సెలవులకు పోదుమనువారున్నారు. వారికి 2014 ను జ్ఞాపకము చేయుచున్నాము. ఆ అక్టోబరు 12 వ తేదీన మన నగరపు చెట్లను కూల్చి, కప్పులను లేపిన హుద్‌హుద్ తుపాను అండమాను సముద్రముననే పుట్టినది. 8 వ తేదీన ఆ దీవులను దాటి, నాలుగు దినములలో మన గుమ్మమునకు వచ్చినది. మన యోడ పోవు దారియు, అది వచ్చిన దారియు ఇంచుమించు నొక్కటే. ప్రతి సంవత్సరము నట్లగునని మేమనము. అయినను అక్టోబరు, నవంబరు నెలలలో పోవువారు తిరుగు ప్రయాణమునకు రెండు దినముల వెసులుబాటు ఉంచుకొనవలెను.

గడియారపు సంగతి యొకటి యున్నది. భారతదేశపు కాలమానమున కాధారమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడ ప్రాంతముగ పోవుచున్నది. అందుచే విశాఖలో గడియారమునకును సూర్యునికిని పెద్ద తగవు లేదు. అండమానులు తూర్పున పది డిగ్రీల కవతల నున్నను గడియారము మాత్రము మనదే. డిసెంబరులో నచ్చట సాయంకాలము 5 గంటలకే ప్రొద్దు క్రుంకును. మధ్యాహ్నము భోజనముచేసి, కునుకు తీసి, కాఫీ త్రాగి, నాలుగున్నరకు సముద్రపుటొడ్డునకు పోవు మన రామకృష్ణాబీచి యలవాటు అచ్చట సాగదు. చీకటితో లేచువారికే పూర్తి దినము దొరకును.

ఇక ఏడు దినముల పంపకము. దుకాణమువారు వ్రాసియిచ్చు కాగితములో పది స్థలము లుండును. వానిని నమ్మి పోయిన కుటుంబము ప్రతిదినమును మూట గట్టుట, పడవ యెక్కుట, పడవ దిగుట, మూట విప్పుట చేయును. ఇట్లు పోయివచ్చిన యొక గృహస్థును ఏమి చూచితిరని మేమడుగగా నాయన పడవరేవుల పేళ్లన్నియు వరుసగ నొప్పజెప్పెను. మూడు చోట్లు చాలును: శ్రీవిజయపురము, స్వరాజ్ ద్వీపము, షహీద్ ద్వీపము. మొదటి దినము చేరుట. రెండవ దినమంతయు శ్రీవిజయపురము. మూడు, నాలుగు దినములు స్వరాజ్ ద్వీపము. ఐదవది షహీద్ ద్వీపము. ఆరవనాడు తిరిగి శ్రీవిజయపురము చేరి యే పనియు పెట్టుకొనకుండుడు; గాలి హెచ్చినచో దీవుల నడుమ పడవలు నిలిచిపోవును, అప్పుడీ దినము మిమ్ము కాపాడును. ఏడవది యింటికి. జనవరి నెలలో పోవువారు బసలను, పడవ టిక్కెట్లను ముందే కుదుర్చుకొనవలెను. చేత కొంత నగదు నుంచుకొనవలెను. 2020 లో చెన్నపట్టణమునుండి సముద్రగర్భమున తంతి వేసిన పిదప అచ్చటి టెలిఫోను బాగుపడిన మాట నిజమే గాని చిన్న దీవులలో ప్రతిచోటను దానిమీద నాధారపడరాదు.

రెండవ దినమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. సెల్యులరు జెయిలునకు చాలమంది సాయంకాలమున వెలుతురు–ధ్వని ప్రదర్శనమునకు మాత్రమే పోయి, చూచితిమనుకొందురు. చీకటిలో నది రంగస్థలము. పగటివేళ పోవలెను. 1896 లో నారంభించి 1906 లో ముగించిన యా కట్టడమున బండిచక్రపు టాకులవలె ఏడు వరుసలు, నడుమ కావలిగోపురము. ఒక్కొక్క వరుస మూడంతస్తులు. మొత్తము 690 కి పైగా గదులు. గది కొక్కడే మనిషి. ఒక వరుస తలుపులు తర్వాతి వరుస వీపుప్రక్కకు తిరిగియుండును. ఖైదీకి ఖైదీ ముఖము కానరాకుండుటకే యీ యేర్పాటు. ఏదేని యొక గదిలోనికి బోయి తలుపుప్రక్క నిలిచి చేయి బయటకు చాచి చూడుడు. గడియను గోడలో దూరముగ నమర్చిరి. లోపలి చేతికి అందదు. ఎద్దు త్రిప్పవలసిన గానుగకు మనిషిని గట్టి కొబ్బరినూనె తీయించిరి. ఇప్పుడు మూడు వరుసలే మిగిలియున్నవి. 1979 లో దానిని జాతీయస్మారకముగ నంకిత మొనర్చిరి.

అచ్చటి పలకలమీద పేళ్లున్నవి. బంగాళము, పంజాబుల పేళ్లే హెచ్చు. అది చరిత్రను బట్టి సహజము. మనవారు మనవారి కథను వెంట తీసికొనిపోవలెను. 1879 లో రంపదేశమున లేచిన పితూరిలో పట్టుబడినవారిని కొందరి నీ దీవులకు పంపిరి. అప్పటి కీ జెయిలింకను కట్టలేదు. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమున పాల్గొన్న బోనంగి పండుపడాలు నీ దీవులకే పంపిరి. 1933 నాటి కాకినాడ బాంబుకేసున శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిగారు నీ జెయిలును చూచినవారే. అల్లూరి తుపాకులు తీసికొనిపోయిన చింతపల్లి, కృష్ణదేవిపేట పోలీసుస్టేషనులు పాత విశాఖజిల్లాలోనివి. నేడును మనకు బస్సు దూరమున నున్నవి. కొండయు, పోడును, జీలుగుచెట్టును దప్ప వేరెఱుగని మన్యపువానికి ఆ ఓడప్రయాణ మెట్లుండెనో! ఇచ్చట బంకు కష్టములు చెప్పిన మాకే ఆ తలంపు సిగ్గు గలిగించుచున్నది.

1933 మే నెలలో ఖైదీలు నిరాహారదీక్ష పూనగా బలవంతముగ పాలు పోయించిరి. మహావీరసింగు, మోహనకిశోర నామదాసు, మోహిత మైత్ర యను మువ్వురు ఆ దీక్షలో మరణించిరి. 1937 లో మరల దీక్ష జరిగిన పిదపగాని రాజకీయ ఖైదీలను దేశమునకు త్రిప్పిపంపుట కారంభింపలేదు.

మఱియొక సంగతి. 1942 మార్చిలో జపానువా రీ దీవులను గైకొనిరి. 1943 డిసెంబరు 30 న నేతాజీ సుభాష్ చంద్రబోసుగా రచ్చట జాతీయపతాకము నెత్తిరి. ఆ స్థలమున నమస్కరింపని భారతీయుడుండడు. ఆ దినములలోనే, ఆ జెయిలులోనే, జపానువారు దీవివాసులను గూఢచారులని పట్టి చిత్రహింసలు పెట్టుచుండిరి. వైద్యుడును పంజాబీ కవియు నగు దివాన్‌సింగు ఆ హింసలవలన 1944 జనవరి 14 న మరణించెను. అదే నెల 30 న హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చి చంపిరి. పతాకమునకును ఈ కాల్పులకును నెలదినములే యెడము. మీ పిల్లలకు రెండును చెప్పుడు. మొదటిదానిని మాత్రమే చెప్పు మార్గదర్శకులు వీథికి నలుగురు దొరకుదురు.

దీవుల పేళ్లలోను కొంత కథ యున్నది. స్వరాజ్ ద్వీపము పూర్వపు హేవ్లాకు. షహీద్ ద్వీపము పూర్వపు నీలు. 1857 లో మన సిపాయిల నణచిన యిద్దరాంగ్ల సేనానుల పేళ్లవి. ఆ నీలు విగ్రహమును తొలగింపుడని 1927 లో చెన్నపట్టణమున సత్యాగ్రహము జరిగినది. 1937 లో రాజాజీగారి ప్రభుత్వము దానిని వీథినుండి తీయించి మ్యూజియమునకు పంపినది. విగ్రహము పోయిన తరువాతను దీవిమీద పేరు ఎనుబదియొక్క యేండ్లు నిలిచి, 2018 డిసెంబరులో మారినది.

ఆ దీవులలో సముద్రము నిజముగ సుందరమైనది; పటములు అబద్ధమాడలేదు. స్వరాజ్ ద్వీపమున రాధానగరు తీరము నడచుటకు, పిల్లలాడుకొనుటకు అనువైనది. గాలిసీసా వీపున గట్టుకొని మునిగి పగడపుదిబ్బలను జూచు విద్య యచ్చట నేర్పుదురు. ఈ విషయమున నొక హెచ్చరిక. మునిగినవాడు కనీసము 18 గంటలు గడువక విమాన మెక్కరాదు. లోతున నొత్తిడిచే ఒంట కరగిన నత్రజని, పైకెగిరినప్పుడు బుడగలై కీళ్లను, ఒక్కొక్కప్పుడు మెదడును బాధించును. కావుననే మునుగుట మూడు నాలుగు దినములలో ముగియునట్లు పైని పంపకము చేసితిమి. పగడములమీద నిలువరాదు, అవి ప్రాణులు. 2010 లో సముద్రము వేడెక్కి అండమాను పగడములు విస్తారముగ తెల్లబడి, చాల భాగము నశించినవి. వాని ముక్కలను జ్ఞాపకార్థమని సంచిలో వేసికొని వచ్చుట చట్టవిరుద్ధము.

ఇప్పుడు చెప్పబోవునది కొందరికి రుచింపకపోవచ్చును. దుకాణపు కాగితములో ‘బారాటాంగు, సున్నపురాతి గుహలు’ అని యొక దినము వ్రాసియుండును. దానిని మేము కొట్టివేసితిమి. ఆ బాట జారవాల యడవి నడుమగ పోవును. వారు కొన్ని వందలమంది మాత్రమే. వేటాడియు, చేపలు పట్టియు, తేనె తీసియు ఆ యడవిలో తరతరములుగ బ్రతుకుచున్నవారు. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ శాసనముచే వారి ప్రాంతమున ప్రవేశము నిషిద్ధము. వారిని ఫోటో తీయుట, తినుబండారము లిచ్చుట నేరము. 2002 లో సుప్రీంకోర్టు ఆ భాగమున బాటను మూయుమన్నది. బాట మూతపడలేదు, బండ్లను వరుసగట్టించి కావలితో నడుపుచున్నారు. 2012 లో, తినుబండారముల నాశజూపి జారవాస్త్రీలచే నాట్యమాడించిన చలనచిత్రము బయటపడగా లోకమంతయు నసహ్యించుకొన్నది. గుహలు బాగుగనే యుండవచ్చును. కాని ఆ దినమునకు టిక్కెట్టు కొనువారిలో చాలమంది కిటికీనుండి మనుష్యులను జూచుటకే పోవుచున్నారు. దుకాణమువారును ఆ యాశనే గొంతు తగ్గించి అమ్ముచున్నారు. మనకు బొఱ్ఱాగుహలు అరకు రైలుదారిలోనే యున్నవి. సున్నపురాతి గుహకొఱకు విశాఖవాడు సముద్రము దాటవలెనా?

మేము మానుకొన్నంతమాత్రమున బండ్లాగునా యని మీలో నొకరు చీటి వ్రాసి పంపిరి. ఒక్కరు మానుకొన్న ఆగవు. ‘ఈ దినము మాకక్కరలేదు, దీని బదులు స్వరాజ్ ద్వీపమున నింకొక దినము వేయుడు’ అని చెప్పు కుటుంబములు నెలకు పది వచ్చినచో దుకాణమువాడు కాగితమును తిరుగవ్రాయును. వానికి గుహలమీద ప్రత్యేకమైన యభిమాన మేమియు లేదు.

శ్రీవిజయపురమున దిగిన పిదప తెలుగుమాట వినుటకు చాలసేపు వేచియుండనక్కరలేదు. 2011 జనాభాలెక్కలలో ఆ దీవుల జనులలో నూటికి సుమారు 13 గురు తమ మాతృభాష తెలుగని వ్రాయించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప శ్రీకాకుళము, విశాఖ జిల్లాల తీరగ్రామములనుండి చేపలు పట్టువారును, కూలిపని చేయువారును పోయి నిలిచిరి. జంగ్లీఘాటు చేపలరేవునకు తెల్లవారుజామున పోయి, మీదే యూరని యడుగుడు. మీకు తెలిసిన యూరి పేరే వినవచ్చును. ఆ దినపు సంభాషణకు టిక్కెట్టు లేదు.

విశాఖ యోడ యవసరము మనకన్న వారికి హెచ్చు. మనకది విహారము. వారికి తండ్రి జబ్బు, చెల్లెలి పెండ్లి, భూమి తగవు. విమానపు వెల భరింపలేనివారు, మన యోడ తేదీ తెలియనివారు, చెన్నపట్టణమునకు రెండున్నర దినములు ఓడలో పోయి, అచ్చటినుండి ఇంచుమించు ఎనిమిదివందల కిలోమీటర్లు రైలులో నుత్తరముగ రావలసివచ్చుచున్నది. మన రేవు 1933 లో తెరువబడినది. ఉక్కు, బొగ్గు, ఎరువు, ఖనిజము దానిగుండ దినదినమును రాకపోకలు చేయుచున్నవి. మనుష్యుల నెక్కించుకొను ఓడ మాత్రము ఎప్పుడు వచ్చునో పదిదినముల ముందు చెప్పువారు లేకున్నచో సెలవు వ్రాసికొను గుమాస్తా యేమి చేయవలెను, తండ్రికొఱకు బయలుదేరు జాలరి యేమి చేయవలెను?

విశాఖ యోడ తేదీలను మూడు నెలల ముందుగ తెలుగున ప్రకటింపవలెననియు, నెలకు రెండు పర్యాయములైన నడుపవలెననియు, ఒక పర్యాయము తప్పినచో కారణమును పత్రికలకు తెలుపవలెననియు కోరుచు నౌకాయానాధికారులకు పంపదలచిన విన్నపపత్రమును మీ కార్యదర్శిగారు చదువుబల్లమీద నుంచినారు. వచ్చు ఆదివారము సాయంకాలము వరకు సంతకములు గైకొందురు. ఈ సంవత్సరము దీవులకు పోవువారు దాని ప్రతి నొకదానిని వెంట దీసికొనిపోయి, జంగ్లీఘాటులోని మనవారిచేతను సంతకములు చేయించి తెచ్చి మా కార్యాలయమున నొసగుడు. రెండు కట్టలను గలిపి పంపుదుము. జవాబు వచ్చినచో నీ పుటలోనే ప్రకటింతుము.